ముప్పై రెండో గేటు దగ్గర లైలాక్ దొంగలు

మా కొండ రైలు దారి మీద పద్దెనిమిది స్టేషన్లున్నాయి. ఏ స్టేషన్‌లో దిగినా నీళ్ళ పంపు పక్కనో, గోదాం గోడ వారనో ఒక లైలాక్ పొద కనిపిస్తుంది. మే నెల వచ్చిందంటే ఊదా గుత్తులూ తెల్ల గుత్తులూ విరగబూసి, పెట్టెల్లో కూర్చున్న వాళ్ళదాకా వాసన వస్తుంది. రైల్వే వాళ్ళే నాటించి ఉంటారని కొత్తవాళ్ళు అనుకుంటారు. చలికాలంలో మా పొయ్యిలోకి బొగ్గు పంపడానికే పైవాళ్ళకి చేతులొచ్చేవి కావు, ఇక పూలమొక్కలు పంపుతారా? అవన్నీ దొంగమొక్కలు. ఒకే ఇంటి ముందు నుంచి, ఆ ఇంటి మనిషి అక్కడ ఉండగానే, ఏళ్ళ తరబడి జనం ఎత్తుకుపోయినవి.

నేనూ ఆ దొంగల్లో ఒకణ్ణి. నా పేరు కొస్తదిన్. ఆ దారిలో ప్యాసింజరు బండికి ముప్పై ఏళ్ళు గార్డుగా చేశాను. మిగతా వాళ్ళు దొంగిలించమని పెట్టినవి దొంగిలించారు. నేను దొంగిలించకూడనిది దొంగిలించాను. ఇన్నాళ్ళూ ఈ సంగతి ఎక్కడా నోరెత్తకపోవడానికి సిగ్గు ఒక్కటే కారణం కాదు. మొక్కని ఎక్కడ దొంగిలించామో నోటితో చెబితే ఆ మొక్క ఎండిపోతుందని మా కొండల్లో నమ్మకం. మా అమ్మ నమ్మింది, నేనూ నమ్ముతాను, నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు.

ఆ ఇల్లు ముప్పై రెండో గేటు దగ్గరి ఒంటిగది. ఆ మనిషి గెర్గినా. గేటు కాపలా ఆవిడ ఉద్యోగం. బండి వచ్చే గంట మోగగానే రెండు అడ్డుకర్రలూ దించాలి, జెండా పట్టుకుని నిలబడాలి, బండి పోయాక కర్రలు ఎత్తాలి. రోజుకి ఆరు బండ్లు. మిగతా పొద్దంతా ఆవిడది. ఇంకొకరైతే స్వెట్టర్లు అల్లుకునేవారు. గెర్గినా మాత్రం గదికీ పట్టాలకీ మధ్య ఉన్న చారెడు నేలలో, బొగ్గు నుసీ కంకరా తప్ప మన్నన్నది లేని చోట, పదకొండు రకాల లైలాక్ పెంచింది.

లైలాక్ కొమ్మ మహా మొండిది. గులాబీలాగా గుచ్చేసి మరిచిపోతే వేరు పట్టదు. నాకు మొక్కల పని నేర్పింది ఆవిడే కాబట్టి ఆ తిట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి. "పూలు వాడటం మొదలెట్టిన వారం రోజులేరా దానికి మంచిరోజులు. అంతకు ముందు రెమ్మలో అంతా నీళ్ళే, ఆ తర్వాత కర్రే. వంచి చూడు. కాస్త వంగాలి, ఇంకాస్త వంచితే టక్కున విరగాలి. అట్లాంటిదే కొయ్యి." కోత కన్ను కిందుగా, అంటే ఆకు దగ్గరి చిగురు మొగ్గ కిందుగా, ఏటవాలుగా, ఒకే దెబ్బకి పడాలి. రెండోసారి చాకు ఆనిందంటే ఆ రెమ్మ నా ముఖాన కొట్టేది. కింది ఆకులు తీసేసి, పై ఆకు సగానికి కత్తిరించి, ఏటి ఇసకలో గుచ్చి, ఊరగాయ జాడీ బోర్లించేది. గది వెనక నీడలో అట్లాంటి గాజు జాడీలు వరసగా ఉండేవి. డజను రెమ్మల్లో ఒకటి బతికితే ఆ ఏడు బాగున్నట్టే.

ఇంకో దారి ఉంది. మా సున్నపురాతి గుట్టల మీద కొండ లైలాక్ తనంత తనే మొలుస్తుంది. దాన్ని తెచ్చి నాటి, కాండం మీద మంచి రకం కన్ను తెచ్చి అంటు కట్టడం. ఇది తొందరగా అందుకుంటుంది, కానీ ఒక చిక్కుంది. మొదలు దగ్గర వచ్చే పిలకలన్నీ కొండ మొక్కవే. తెలియని వాళ్ళు ఆ పిలకలు తవ్వుకుపోయి, ఐదేళ్ళు నీళ్ళు పోసి, చివరికి గుట్ట మీద మేకలు తినే పూలే పూయించుకుని లబోదిబోమంటారు.

బతికిన మొక్కల్ని గెర్గినా టమాటా డబ్బాల్లోకి మార్చి, కంచె మీది పలక మీద వరసగా పెట్టేది. ఒక్కటి అమ్మింది లేదు, ఒక్కటి ఇచ్చింది లేదు. మా వైపు మాట ఒకటుంది, ఇచ్చిన మొక్క నిద్రపోతుంది, ఎత్తుకొచ్చిన మొక్క లేచి కూర్చుంటుంది అని. అందుకని ఆవిడ ఎత్తుకుపోనిచ్చేది. ఒకసారి పై స్టేషన్‌కి కొత్తగా వచ్చిన మాస్టరు భార్య వచ్చి అడిగింది. ఆ రోజు నాకు సెలవు, గేటు దగ్గరే కూర్చుని వింటున్నాను.

"గెర్గినక్కా, ఆ తెల్లది ఒకటి ఇవ్వవూ?"

"ఇవ్వను."

"పోనీ కొంటాను."

"అమ్మను."

"మరెట్లా?"

"నాకు గంట తాడు ఎట్లా ఉందో చూసుకునే పనుంది," అని గెర్గినా వెనక్కి తిరిగి నిలబడింది. పట్నం పిల్ల కదా, పాపం ఏమీ అర్థం కాక అక్కడే నిలబడిపోయింది. కాసేపటికి గెర్గినా తల తిప్పకుండానే అంది. "ఎంతసేపని చూడను తల్లీ తాడు, మెడ పట్టేస్తోంది." అప్పుడు గాని ఆ పిల్లకి బల్బు వెలగలేదు. డబ్బా ఒడిలో పెట్టుకుని పరుగే పరుగు.

మొక్కకి థాంక్స్ చెప్పినా బతకదంటారు. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దాఫీసరు ఒక డబ్బా తీసుకుని, మర్యాదస్తుడు కదా, టోపీ తీసి మరీ కృతజ్ఞతలు చెప్పాడు. గెర్గినా ఆయన చేతిలో డబ్బా లాగేసుకుంది. "ఇది ఇంక పోయినట్టే బాబూ. నోరు మూసుకుని ఇంకోటి ఎత్తుకుపోండి." నౌకరీ పోతుందని మేమంతా బిక్కచచ్చిపోయాం. ఆయన మాత్రం నోరు మూసుకుని ఇంకోటి ఎత్తుకుపోయాడు. నాకు తెలిసినంతలో గెర్గినా అంత గొప్ప మనిషిని మా దారిలో నేను చూడలేదు. ఎవరికి ఏమిచ్చినా వాళ్ళు తలదించుకోనక్కర్లేకుండా ఇచ్చింది. దొంగిలించిన వాడికి కాస్త భయం ఉంటుంది, ఆ భయంతోనే నీళ్ళు పోయడం మరవడని ఆవిడ లెక్క.

ఒక్క పొద దగ్గర మాత్రం ఆవిడ వీపు తిరిగేది కాదు. గది వెనక ఉండేది అది. ముద్ద లైలాక్. ఒక్కో పువ్వుకీ రెండు మూడు వరసల రేకులు, నల్లద్రాక్ష పిండినప్పటి ముదురు రంగు. అంచుల్లో మాత్రం సన్నటి వెండి ఛాయ. దాని కళ్ళున్న రెమ్మ తెచ్చింది గెర్గినా మొగుడు మింకో. ఆవిరి ఇంజన్లో బొగ్గు వేసేవాడు. ఎక్కడో దూరాన ఒక ఆరోగ్యశాల తోటలో కోసి, తడిగుడ్డ చుట్టి, బూటులో దాచుకుని రెండు రోజులు ప్రయాణం చేసి తెచ్చాడు. ఆ రెండు రోజులూ ఒక కాలికే బూటుందని అందరికీ చెప్పి నవ్వేవాడు. గెర్గినా ఏడు కొండ మొక్కల మీద ఏడు కళ్ళు కట్టింది. ఒకటే పట్టింది. అది పూత పట్టడానికి నాలుగేళ్ళు పట్టింది. మూడో ఏడు చలికాలంలో మింకో ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. తను బూటులో తెచ్చింది ఏ రంగో ఆయనకి తెలియదు. వాళ్ళకి పిల్లలు లేరు.

నేను రెండుసార్లు అడిగాను. మొదటిసారి నవ్వింది. రెండోసారి నవ్వలేదు. "అది మింకోదిరా కొస్తదినూ. దాని దగ్గర నాకు వీపు తిరగదు. ఇంకోసారి అడక్కు."

అడగలేదు. ఆ మాట మీద నిలబడి ఉంటే నేనూ మనిషినే. మరుసటి మే నెలలో ఒక రోజు గేటు అవతల గొర్రెల మంద పట్టాల మీద పడుకుంది. బండి ఆగింది. సరిగ్గా నా పెట్టె ఆ గది వెనక ఆగింది. బండి ఆగి ఉన్నంతసేపూ గేటు మనిషి రోడ్డు వైపు ముఖం పెట్టి, ఎర్రజెండా చాపి, కదలకుండా నిలబడాలి. అది రూలు. గెర్గినా రూలు తప్పదని నాకు తెలుసు, తెలిసే దిగాను. పూలు అప్పుడే వాడటం మొదలెట్టాయి, రెమ్మ కాస్త వంగి టక్కుమంటోంది. మూడు రెమ్మలు కోసి అన్నం డబ్బాలో పెట్టుకున్నాను. ఆవిడంతట ఆవిడ వీపు తిప్పితే అది దానం. ఉద్యోగం ఆవిడ వీపు తిప్పినప్పుడు తీసుకున్నాను, దాన్ని ఇంకే పేరుతో పిలిచినా అబద్ధమే.

మూడింట్లో ఒకటి వేరు పట్టింది. మా ఇంటి వెనక, కట్టెల పాక చాటున నాటాను. నాలుగేళ్ళకి మొదటి గుత్తి వేసింది. ఆ రంగు చూసి నా భార్య దొన్కా చేతిలో బకెట్ కింద పెట్టేసింది.

"ఇది ఎవరిదో నాకు తెలుసు," అంది.

"తెలిస్తే నోరు మూసుకో. ఎండిపోతుంది."

"మూసుకుంటాలే. మరి ఇరవై ఒకటో తారీఖున ఊరందరి నోళ్ళూ ఎవరు మూస్తారు?"

అక్కడ దొరికిపోయాను. మే ఇరవై ఒకటి మా పేరుగల పునీతుడి రోజు, మా కొస్తదిన్‌లందరికీ పేరుపండగ. పేరుపండగకి ఎవరినీ పిలవరు, పిలవకుండానే ఊరంతా వస్తుంది. వచ్చినవాణ్ణి గుమ్మంలో ఆపితే ఆ ఇంటికి పరువుండదు. మా ఎత్తులో చలి ఎక్కువ, ఆ ముద్ద లైలాక్ సరిగ్గా అప్పుడే పూస్తుంది. ఏటా మొదట వచ్చే అతిథి గెర్గినా. తలుపులకి తాళం వేసి, పట్నంలో మా అక్క ఇంటికి పారిపోవడం తప్ప నాకు దారి లేకపోయింది. ఒక ఏడు కాదు, వరసగా ఐదేళ్ళు. పొరల మధ్య జున్ను పెట్టి కాల్చే బనిత్స రొట్టె పెట్టాల్సొస్తుందని కొస్తదిన్ ఊరొదిలి పారిపోయాడని నా పిసినారితనం మీద జోకులు పుట్టాయి. గెర్గినా కూడా వేసేది. "మీ అక్క మరీ అంత బాగా వండుతుందట్రా?" అనేది. నేను పళ్ళికిలించేవాణ్ణి. గేటు దగ్గర ఆవిడ చేతి కాఫీ తాగుతున్నప్పుడు మాత్రం గది వెనక వైపు చూసేవాణ్ణి కాదు.

ఆరో ఏడు మార్చిలో గెర్గినా మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. పట్నం ఆస్పత్రిలో రెండు నెలలు పడుకోబెట్టారు. నేను చూడటానికి వెళితే కాలి గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

"ఏప్రిల్ ఆఖర్లో కలుపుమందు బండి వస్తుంది. పట్టాలకి రెండు పక్కలా చిమ్ముకుంటూ పోతుంది. నా పెట్టెలో దుప్పట్లున్నాయి. ముందు గది వెనక దానికి కప్పు, తర్వాతే మిగతావాటికి. నువ్వు కప్పుతావా?"

"కప్పుతానక్కా."

"ఒట్టు?"

"ఒట్టు."

ఏటా ఆవిడ చేసే పని అది. బండి వచ్చే పూట దుప్పట్లన్నీ తీసి పొదలకి కప్పి, తను జెండాతో ముందు నిలబడేది. నేను తారీఖు గోడ మీద బొగ్గుతో రాసుకున్నాను. దుప్పట్లు దులిపి సిద్ధంగా పెట్టుకున్నాను. ఆ ఏడు వానలొస్తాయని బండిని రెండు రోజులు ముందు పంపించారు. నాకు కబురు లేదు. నేను డ్యూటీ దిగి అటు వెళ్ళేసరికి ఆకులన్నీ మందుతో తడిసి మెరుస్తున్నాయి. ఏటి నుంచి యాభై బకెట్లు మోసి కడిగాను. పది రోజుల్లో ఆకు మాడింది. మే మొదటివారానికి మింకో పొద చీపురుకట్టలా నిలబడింది.

గెర్గినా చేతికర్ర మీద తిరిగొచ్చిన రోజు నేనూ, పొరుగావిడ పెనా అక్కడే ఉన్నాం. నేను చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి గది వెనక్కి నడిచింది. బెరడు గోటితో గీసి చూసింది. లోపల గోధుమ రంగు. పెనా ఊరికే ఉండలేక అంది. "ఊరుకో గెర్గినా, బతికింది చూడు. కింద ఎన్ని పిలకలొస్తున్నాయో."

"అవి కొండవి పెనా." గెర్గినా వంగి అంటు ముడి మీద చెయ్యి పెట్టింది. "కింది కాలు బతికింది. పై మనిషి పోయాడు." చాలాసేపు ఆ ముడి మీద నుంచి చెయ్యి తియ్యలేదు. "ఆయన్ని రెండుసార్లు పాతిపెట్టాల్సొస్తుందనుకోలేదు."

"రెండు రోజులు ముందొచ్చిందక్కా బండి," అన్నాను.

"తెలుసురా. బకెట్ల సంగతి పెనా చెప్పింది. నీ మీదేం లేదు." ఆవిడ తిట్టి ఉంటే భరించేవాణ్ణి. "ఎవరికైనా ఒక రెమ్మ ఇచ్చి ఉండాల్సింది. పిసినారిదాన్ని నేను, నువ్వు కాదు," అంది.

ఇంటికెలా వచ్చానో తెలియదు. పాక వెనకకి వెళ్ళి నిలబడ్డాను. మొగ్గలు నిండుగా ఉన్నాయి. లోకంలో ఇంకెక్కడుందో గానీ, మా కొండల్లో ఇక ఇదొక్కటే. వెంటనే పరుగెత్తి, అక్కా నా దగ్గరుంది, నీ వెనక నుంచి కోసుకొచ్చాను అని చెప్పేయాలనిపించింది. చెబితే ఇదీ ఎండితే? నవ్వమని ముందే చెప్పాను. కానీ చివరి మొక్క ఒక్కటే మిగిలినప్పుడు అమ్మ మాట మీద పందెం కాయడానికి నాకు గుండె చాల్లేదు. చెప్పకపోతే ఆవిడ అట్లాగే ఆ ముడి మీద చెయ్యి పెట్టుకుని పోతుంది. ఐదు రోజులు అన్నం సయించలేదు.

దొన్కాయే అడిగింది. "ఇరవై ఒకటిన మీ అక్క ఇంటికేనా?"

అప్పుడు తట్టింది. నోటితో చెప్పకూడదన్నారు గానీ, చూపించకూడదని ఎవరూ అనలేదు.

"లేదు. బనిత్స చెయ్యి, పెద్ద మూకుడుకి. గేటు బార్లా తీసి పెట్టు. బల్ల పాక వెనక వేద్దాం."

పేరుపండగ నాడు నేను ఇంట్లో ఉన్నానని తెలిసి, వింత చూడ్డానికి వచ్చినట్టు ఊరంతా వచ్చింది. గెర్గినా చివరికొచ్చింది. కర్ర ఒక చేత్తో, పెనా భుజం ఒక చేత్తో. "నీ పేరు చల్లగా ఉండాలిరా," అంటూ పాక మూల తిరిగి ఆగిపోయింది. పొద నిండా పూలు. వాసన బల్లంతా ఉంది. అందరికీ ఆ రంగు తెలుసు.

పెనా నోరు తెరిచింది. "ఇదేంటి, ఇది ఆ..."

"పెనా, బనిత్స చల్లారిపోతోంది. తిను," అంది గెర్గినా. అది బండిని ఆపే గొంతు. పెనా నోరు మూతపడింది.

గెర్గినా నెమ్మదిగా పొద చుట్టూ తిరిగింది. కర్ర కింద పడేసి, తుంటి బాధని పళ్ళతో నొక్కిపట్టి, మోకాళ్ళ మీద కూర్చుంది. మొదలు చుట్టూ వేళ్ళతో మట్టి తీసింది. నేను పక్కనే నిలబడ్డాను.

"ముడి లేదు."

"లేదక్కా."

"జాడీ కిందా?"

"జాడీ కిందే."

"ఎన్నింట్లో ఒకటి?"

"మూడింట్లో."

"హు," అంది. అసూయపడుతోందని నాకు తెలిసింది. తర్వాత పిలకలు ఒక్కొక్కటే పట్టుకుని చూసింది. "నా దగ్గరున్నది పరాయి కాళ్ళ మీద నిలబడింది. ఇది సొంత కాళ్ళ మీద నిలబడింది. ఈ పిలకలన్నీ అసలువే. అక్టోబరులో తవ్వొచ్చు." నా ముఖం చూడకుండానే మాట్లాడింది. "ఒకప్పుడు మా గేటు దగ్గర ఎవరో రెమ్మలు కోసుకుపోయారు. సాయంత్రం కోత చూశాను. కన్ను కిందుగా, ఏటవాలుగా, ఒకే దెబ్బ. ఎవరు నేర్పారో గానీ బాగా నేర్పారనుకున్నాను."

"మరి ఎవరో కనుక్కోలేదా అక్కా?"

"కనుక్కుంటే అడగాలి. అడిగితే వాడు చెప్పాలి. చెబితే మొక్క ఎండాలి. కోపముంటే వాడి మీద చూపించాలి గానీ మింకో మీద ఎందుకురా?" నా చెయ్యి పట్టుకుని లేచింది. "పాపం మీ అక్క. ఏటా మే నెలలో నిన్ను భరించింది."

తొమ్మిదేళ్ళు. నేను దాస్తున్నానని అనుకున్నాను. నాతో పాటు ఆవిడా దాచింది. నా పరువు కోసం కాదు, ఆ మొక్క కోసం. నేను దొంగతనంగా వేసిన చాకు దెబ్బలో కూడా తన చేతి పనే చూసుకుంది. ఏడుపొచ్చేసింది. థాంక్స్ చెప్పడానికి లేదు, క్షమించమనడానికీ లేదు. మా ఆచారం రెండిటికీ తాళం వేసింది.

అందుకని నాకు తెలిసిన ఒక్క మర్యాద చేశాను. "కోళ్ళకి నీళ్ళున్నాయో లేవో చూసుకునే పనుంది," అని కోళ్ళగూడు వైపు ముఖం పెట్టి నిలబడ్డాను. బల్ల దగ్గర వాళ్ళు కూడా ఒకరొకరే గోడ వైపు, గేటు వైపు, పళ్ళేల వైపు తిరిగారు. వెనక చాకు తెరిచిన చప్పుడైంది. ఒకటి, రెండు, మూడు... పన్నెండు రెమ్మలు తెగడం విన్నాను. ఒక్కో రెమ్మకీ ఒకే దెబ్బ.

"ఎంతసేపని చూడనక్కా కోళ్ళని," అన్నాను, "మెడ పట్టేస్తోంది."

తిరిగి చూస్తే ఆవిడ అప్పటికే గేటు దాటుతోంది. కర్ర పట్టుకుని కుంటుకుంటూ, పెనా తడి తుండుగుడ్డ చుట్టిన కట్ట ఎత్తుకుని వెంట రాగా, అసలైన దొంగలాగా వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

తర్వాత ఏడు కంచె పలక మీద టమాటా డబ్బాల్లో ముద్ద లైలాక్ కూడా చేరింది. దాని దగ్గర కూడా ఆవిడ వీపు తిరగడం మొదలైంది. ఇప్పుడు ఆ గేటు దానంతటదే పడుతుంది, లేస్తుంది. గెర్గినాకి ఎనభై దాటాయి. పెన్షను తీసుకుంటూ ఆ ఒంటిగదిలోనే ఉంటోంది, గంట లేకపోయినా తాడు చూసుకుంటోంది. పోయిన మేలో నేను బండెక్కి చివరిదాకా వెళ్ళాను. తొమ్మిది స్టేషన్లలో నల్లద్రాక్ష రంగు కనిపించింది.

అందుకే ఇప్పుడు ఇదంతా చెప్పాను. ఎండాల్సి వస్తే నా పెరట్లోదే ఎండాలి, న్యాయం అదే. రాయడం మొదలుపెట్టి వారమైంది. ఇవాళ పొద్దున వెళ్ళి చూశాను. మొగ్గలు తొడిగింది.